గారాబము గిట్టని తీగె

కాశీరత్నపు తీగెకు మన పెరళ్లలో జరుగు అపచారములలో అత్యాదరమును మించినది లేదు. గులాబికి వేసిన ఎరువే దీనికిని వేసి, మల్లెకు పోసిన నీరే దీనికిని పోసి, ఎండ తగిలి వాడునేమో యను భయముతో కుండీని వసారా నీడకు జరిపి, ఆశ్వయుజము దాటినను ఒక్క మొగ్గయైన కానరాక, విత్తనములు అమ్మినవానిని నిందించు గృహస్థులు ఏటేట కనబడుచునే యుందురు. అదే వీధి మలుపున, ఎవ్వరును విత్తక, ఎవ్వరును నీరు పోయక, పాడుబడిన స్థలపు ముళ్లకంచెను అల్లుకొని అదే జాతి తీగె ప్రతి ఉదయమును వందలకొలది ఎఱ్ఱని పూవులు విప్పుచుండును. తొలకరిలో మొలచి, వానలలో పెరిగి, శరత్తునందు పూచి, కాచి, చలికాలము ముగియునప్పటికి ఎండిపోవు ఏకవార్షిక లత ఇది. దాని ఆయువు ఇంచుమించు ఆరు మాసములు. ఆ స్వల్పకాలములో ఎన్నాళ్లు ఆకు పెంచవలెనో, ఎప్పటినుండి పూవునకు దిగవలెనో దాని లెక్క దానికి కలదు. ఆ లెక్క తప్పించునది సాధారణముగా మన ఉదారహస్తమే.

ఈ తీగెను ఆకును చూచియే గుర్తింపవచ్చును. నడుమ ఒక సన్నని ఈనె, దాని కిరుప్రక్కల తొమ్మిది మొదలు పందొమ్మిది వరకు దారమంత సన్నని చీలికలు: ఆకుపచ్చని పక్షియీక నొకదానిని కాడకు అంటించినట్లుండును. ఇంత పలుచని ఆకులగుటచే తీగె దట్టముగా అల్లుకొన్నను గాలిని గాని వెలుతురును గాని పూర్తిగా అడ్డదు. కిటికీకి తెరగా పెంచదలచినవారికి ఇదియొక సదుపాయము. పూవు గొట్టము అంగుళమునకు పైబడిన నిడివి గలదై, కొసయందు ఐదు మొనలుగా విచ్చి, ముప్పాతిక అంగుళము వెడల్పు గల నక్షత్రాకృతిని దాల్చును. ఐదు కేసరములును, నడిమి కీలమును ఆ గొట్టమును దాటి వెలుపలికి పొడుచుకొని వచ్చును. పరిమళము లేదు. వేకువను విచ్చిన పూవు మధ్యాహ్నపు ఎండకు ముడుచుకొనును. మబ్బుపట్టిన దినమున సాయంకాలము వరకు నిలుచుటయు కలదు. ఒక్కొక్క పూవునకు ఒక్కటే దినము జీవితము. కావున కోసి మాల గ్రుచ్చుటకు గాని, కూజాలో అమర్చుటకు గాని ఇది పనికిరాదు. తీగెమీదనే చూచి సంతోషింపవలెను.

వాసన లేకపోవుటకును, వర్ణము ఇంత ఎఱ్ఱగా నుండుటకును కారణము దాని పుట్టినింట కలదు. ఉష్ణమండలపు అమెరికా దీని జన్మభూమి. అచ్చట గాలిలో నిలిచి రెక్కలాడించుచు తేనె పీల్చు హమ్మింగు పక్షులు దీనికి పరాగవాహకములు. ఆ పక్షులు ఎఱుపును చక్కగా గుర్తుపట్టును, పూలను వెదకుటలో వానికి వాసనతో పనిలేదు. తేనెటీగలకో, ఎఱుపు స్పష్టముగా కానరాదు. సన్నని పొడవాటి గొట్టము పక్షి ముక్కునకు తగియున్నది. వెలికి చాచిన కేసరములు పక్షి నొసట పుప్పొడి రాయుటకు అనువుగా నున్నవి. మన దేశమున హమ్మింగు పక్షులు లేవు; ఆ కొలువును తేనెపిట్టలును, సీతాకోకచిలుకలును కొంతకొంత నిర్వహించుచున్నవి. ఏ అతిథియు రాకున్నను తీగెకు నష్టము లేదు, తన పుప్పొడితోనే తాను కాయ పట్టగల శక్తి దానికి కలదు. పరదేశమున ఇంత సులభముగా స్థిరపడుటకు ఆ స్వయంసమృద్ధి ఒక ముఖ్యకారణము.

అది ఇటు చేరి మూడు శతాబ్దములు దాటినది. కొచ్చిన్‌లో డచ్చివారి గవర్నరుగా నుండిన హెండ్రిక్ వాన్ రీడ్ మలబారు వైద్యుల సాయమున సమకూర్చగా, 1678 మొదలు 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటములుగా వెలువడిన ‘హోర్టస్ మలబారికస్’ గ్రంథములో ఈ తీగె చిత్రము కలదు. అనగా 17వ శతాబ్ది ముగియకముందే కేరళ తోటలలో ఇది పూచుచుండె నన్నమాట. తరువాత 1753లో స్వీడన్ దేశీయుడగు లిన్నేయస్ దీనికి ఐపోమియా క్వామోక్లిట్ అని శాస్త్రనామ మిడెను. చిలగడదుంపయు, చెఱువుగట్ల తూటికూరయు దీనికి ఏకప్రజాతి బంధువులు. మహారాష్ట్రులు గణేశవేల్ అనియు, వంగీయులు కుంజలత అనియు దీనిని తమ ఇంటిదానిగనే పిలుచుకొనుచున్నారు. మిరప, వేరుసెనగ, జామ మొదలగునవి కూడ అమెరికా ఖండమునుండియే వచ్చి మనకు ఆత్మీయములైనవి గదా!

ఈ తీగె విషయమై విత్తనముల వ్యాపారులు చేయు ఒక మోసము నిచ్చట ప్రస్తావింపవలెను. ఎఱుపుతో పాటు గులాబి, తెలుపు వన్నెల కాశీరత్నములు నిజముగా కలవు. నీలి కాశీరత్నము మాత్రము లేదు. పొట్లముపై నీలిపూల బొమ్మ అచ్చువేసి ఎక్కువ వెలకు అమ్మువారు కలరు గాని, ఆ గింజలనుండి వచ్చునది ఎఱ్ఱపూవో, లేక వేఱొక జాతి తీగెయో అగును. దీని దాయాదులలో పెక్కింటికి నీలివర్ణము అతిసామాన్యమై యుండగా దీనికేల లేదు అను ప్రశ్నకు రెబెక్కా జుఫాల్, మార్క్ రాషర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 2004లో ‘నేచర్’ పత్రికలో ఒక చక్కని సమాధానము ప్రకటించిరి. పూల నీలవర్ణమునకును, రక్తవర్ణమునకును ఆధారమైనవి ఆంథోసయనిన్లు అను రంజకద్రవ్యములు. అవి కణములలో ఒకదాని తరువాత నొకటిగా పనిచేయు ఎంజైముల వలన తయారగును. నీలిపూల పూర్వికుని నుండి వచ్చిన ఈ తీగెలో, నీలమువైపు దారి మళ్లించు ఎంజైము పూవునందు ఇంచుమించు పనిమానినది. దాని తరువాతి మెట్టున నుండు మఱియొక ఎంజైము కూడ క్రమముగా మార్పుచెంది, నీలమునకు కావలసిన ముడిపదార్థమును స్వీకరించు సామర్థ్యమును కోల్పోయినది. మొదటిదానిని మరల మేల్కొలిపినను రెండవది సహకరింపదు. వెనుకకు పోవు బాట మూసికొనిపోయినది కనుక, నీలి కాశీరత్నమునకై వెచ్చించు రూపాయి వృథా.

ఇక విత్తుట. మృగశిర కార్తె ప్రవేశించి, తొలివానలకు నేల చల్లబడిన పిమ్మట మొదలుపెట్టి, పునర్వసు కార్తె వెళ్లులోపల, అనగా జూన్ రెండవ వారము మొదలు జూలై మూడవ వారములోపల, విత్తుట తెలుగుదేశపు వాతావరణమునకు ఉచితము. గింజ నల్లనిది, అర సెంటీమీటరు పొడవు గలది, దళసరి పెంకు గలది. ఆ పెంకు గుండ నీరు సులభముగా లోనికి దిగదు. ఒకే దినమున విత్తిన గింజలలో కొన్ని వారములోపలనే మొలచి, కొన్ని నెల దాటినను మట్టిలో అట్లే పడియుండుటకు కారణమిదియే. ప్రకృతిలో ఇది తీగెకు మేలు చేయు ఏర్పాటు, మొదటి వానకు మొలచినవి నడిమి ఎండలకు మాడిపోయినను మిగిలినవి తరువాతి వానకు లేచును. తోటలో మనకంత ఓపిక లేదు కావున, గోరువెచ్చని నీటిలో ఒక రాత్రి నానవేయవలెను. ఉదయమునకు ఉబ్బినవానిని విత్తి, ఉబ్బనివానిని గోళ్లు తీయు కత్తెరతో, గింజ కన్ను ఉన్న వైపు విడిచి ఎదుటివైపు పెంకును ఇసుమంత గిల్లి, మరల నానవేసినచో అవియు దారికి వచ్చును. లోతు ఒక సెంటీమీటరు చాలును. నేల వెచ్చగా నున్నచో వారము దినములలో మొలక తలయెత్తును.

ఆ మొలకను తొలిసారి చూచువారు కలుపు అనుకొని పెరికివేయుట కద్దు. బీజదళములు రెండే యైనను ఒక్కొక్కటియు లోతుగా రెండు సన్నని పాయలుగా చీలియుండుటచే, కాడ చివర నాలుగు కోణపుటాకులు నిలిచినట్లు భ్రమ కలుగును. ఈక వంటి అసలు ఆకులు అటుపిమ్మటనే వచ్చును. తల్లివేరు త్వరగా లోతునకు దిగుట ఈ తీగెకు స్వభావము కావున, మొలకను పెరికి మఱియొకచోట నాటుట శ్రేయస్కరము కాదు. ఎచ్చట పెరగవలెనో అచ్చటనే విత్తుట ఉత్తమము. తప్పనిసరియైనచో కాగితపు కప్పు అడుగున చిల్లిపెట్టి, అందు ఒక్కొక్క గింజ నాటి, రెండు మూడు ఆకులు తొడిగిన వెంటనే మట్టిగడ్డ చెదరకుండ కప్పుతో సహా పాతిపెట్టవలెను. నేలలో అడుగునకొక తీగె, పండ్రెండంగుళముల కుండీలో రెండు లేక మూడు తీగెలు. ఆశకొద్ది పది గింజలు వేసి, పదియు మొలచినప్పుడు ఒక్కదానిని పెరుకుటకు మనసొప్పక అన్నింటిని ఉంచుకొనువారికి పది బక్కతీగెలే దక్కును.

ఎరువు మాట. పశువుల ఎరువు బాగుగా చివికినది కుండీమట్టిలో నాలుగవ వంతు కలిపిన చాలును. నేలలోనైన, అంతకుముందు కూరపాదులు పెట్టిన చోటనైన, ఏమియు కలుపకున్నను కొదువలేదు. ఎఱ్ఱనేలలు, చల్కనేలలు దీనికి ఇష్టములు. రేగడి నేలలో ఇసుక కలిపి, నీరు నిలువకుండ మడిని కొంచెమెత్తు చేయవలెను. నత్రజని అధికమైనచో తీగె ఆకునకును, కాడకును బలము పెట్టి, పందిరి నిండ పచ్చదనమును పరచి, పూవు మాట వాయిదా వేయును. ఇది ఏ మొక్కకైనను కొంతవరకు వర్తించు సూత్రమే గాని, బహువార్షికమైన మల్లెకు ఈ యేడు పోయినను వచ్చే యేడు కలదు. ఏకవార్షికమునకు వాయిదా వేయుటకు కాలమే లేదు. వారములతరబడి ఆకు పెంచుటలోనే గడచిపోయిన తీగె పూవునకు సిద్ధపడుసరికి చలిగాలి వీచుచుండును. చెంచాడు యూరియా చల్లి త్వరపెట్టుదమను ఆలోచన కావుననే ప్రమాదకరము. మొగ్గ కనబడినను ఇంకేమైన వేయకుండ ఉండలేనివారు పొయ్యిబూడిద పిడికెడు చల్లి తృప్తిపడవచ్చును. అందు పొటాషు కలదు, నత్రజని లేదు.

నీరును అంతే. వానలు సమముగా పడు యేట నేలలోని తీగెకు చేతినీరు అక్కరలేదు. కుండీలో మాత్రము పైమట్టి అంగుళము మేర ఆరినప్పుడెల్ల పోయవలెను. అడుగు చిల్లి మూసికొనిపోయి నీరు నిలిచిన కుండీలో ఆకులు క్రిందినుండి పసుపువాఱుచు వచ్చును. దానిని చూచి ఎండిపోవుచున్నదని భ్రమపడి ఇంకను నీరు పోయుట సర్వసాధారణమైన పొరపాటు. ఎండ మాత్రము ధారాళముగా కావలెను, దినమునకు ఆరు గంటలకు తగ్గరాదు. దీనికి పూలకాలము భాద్రపదము మొదలు మార్గశిరము వరకు. ఆ కాలమున సూర్యుడు దక్షిణమునకు వాలియుండును. అందుచేత ఆషాఢమున ఎండ తగిలిన ఉత్తరపు గోడ కార్తికమున నీడలో మునుగును. తూర్పు గాని దక్షిణము గాని చూచు గోడయో, వరండాయో ఎన్నుకొనుట మేలు. భాగ్యనగరపు బహుళాంతస్తుల భవనములలో ఉత్తరపు బాల్కనీ మాత్రమే గలవారు ఈ తీగెను విడిచి వేఱొకదానిని చూచుకొనుట మంచిదని నా యభిప్రాయము.

తీగె ప్రాకు విధము ఈ విషయమునందెల్ల మిక్కిలి రసవత్తరమైన భాగము. కాకర, దోస పాదులకు నులితీగెలు కలవు. అవి చేయి చాచి పట్టుకొనును. కాశీరత్నమునకు అట్టి సాధనము లేదు. దాని కాండమే ఆధారమును చుట్టుకొని పైకి పోవలెను. చుట్టుటకు ముందు వెదకవలెను గదా! చివరి కొన్ని అంగుళముల లేతకాండము గాలిలో వంగి, నెమ్మదిగా వలయములు తిరుగుచు ఆధారమునకై వెదకును. ఈ భ్రమణమును శ్రద్ధగా కొలిచి గ్రంథస్థము చేసినవాడు చార్లెస్ డార్విన్. అనారోగ్యముచే గది విడిచి పోలేని దినములలో, వెచ్చని ఆ గదిలోనే హాప్ తీగె కుండీ నొకదానిని ప్రక్కనుంచుకొని, రాత్రింబవళ్లు దాని కొన కదలికలను గమనించెను. వేడి వాతావరణమున అది ఒక్కొక్క వలయమునకు సగటున 2 గంటల 8 నిమిషములు తీసికొనుచున్నదని లెక్కించెను. ప్రాకు తీగెలను గూర్చిన ఆ పరిశోధన 1865లో లిన్నియన్ సొసైటీ పత్రికలో ప్రకటితమై, 1875లో ప్రత్యేక గ్రంథముగా వెలువడెను. వ్యాధిగ్రస్తుని విసుగు లోకమునకు ఇంత ఉపకరించిన సందర్భములు అరుదు.

హాప్ తీగె గడియారపు ముల్లు తిరుగు వైపున చుట్టును. కాశీరత్నమును, దాని దాయాదులును అందుకు ఎదురుగా, పైనుండి చూచువారికి అపసవ్యముగా చుట్టును. ఇది తీగె ఇష్టాయిష్టములనుబట్టి మారునది కాదు, జాతిధర్మము. గాలికి జాఱిన కొనను మరల తాటికి చుట్టబెట్టునప్పుడు మనము తెలియక సవ్యముగా చుట్టినచో మఱునాటికి అది విడివడి వ్రేలాడుచుండును. ప్రక్కనున్న కొమ్మ ఎటు చుట్టుకొన్నదో చూచి అటే చుట్టినచో నిలుచును. సన్నని కాండము గలది కనుక లావైన స్తంభమును ఇది చుట్టలేదు. చిటికెనవ్రేలికి మించని లావు గల ఆధారమే దీనికి కావలెను. కిటికీ ఊచలు, వెదురుబద్దలు, కందికంప, కొబ్బరితాళ్లు, జనుపతాళ్లు అన్నియు యోగ్యములే. నైలాను తాడు నున్ననిదై తీగె బరువునకు జాఱుటయే గాక, తీగె ఎండిన పిమ్మట దానినుండి విడదీయుట బ్రహ్మప్రయత్నమగును. జనుపతాడైనచో తీగెతో సహా కోసి ఎరువుగుంతలో వేయవచ్చును. ఆరు మాసముల తీగెకు ఆరు మాసముల తాడే జోడు. ఎత్తు ఆరేడడుగులు మొదలు పదడుగుల వరకు ఏర్పరచవలెను. అరడుగు ఎదిగినప్పుడు కొనను ఒకమారు గిల్లినచో ప్రక్కకొమ్మలు పుట్టి, పందిరి క్రిందినుండియే నిండును. ఎంత చేసినను కాలము గడచుకొలది మొదటి రెండడుగులును బోడివాఱుట తప్పదు. అచ్చట బంతియో, చంద్రకాంతయో నాటి ఆ లోటును కప్పిపుచ్చుట తోటమాలి నేర్పు.

జూన్‌లో విత్తినను, జూలైలో విత్తినను పూవులు ఇంచుమించు ఒకే కాలమున పుష్కలమగుట చాలమంది గమనించి ఆశ్చర్యపడుదురు. ఈ ప్రజాతి తీగెలలో పెక్కు పగటి నిడివి తఱిగి, రాత్రి పెరుగుటను గ్రహించి మొగ్గ తొడుగును. జపానువారు అసగావో అని పెంచు తీగె, అనగా ఐపోమియా నిల్, ఈ గుణమునకు లోకప్రసిద్ధము. అందలి ‘వయొలెట్’ అను రకపు మొలక ఒకే ఒక్క పదునాఱు గంటల చీకటికి గురియైన మాత్రమున మొగ్గకు సిద్ధపడును. అందుచే పుష్పోద్భవమును పరిశోధించు వృక్షశాస్త్రజ్ఞులకు అది ప్రీతిపాత్రమైనది. ఆ చీకటి నడుమ కొద్దిసేపు దీపము వెలిగించినచో ఫలము తలక్రిందులగును. హైదరాబాదు అక్షాంశమున పగలు జూన్‌లో సుమారు పదమూడు గంటలును, డిసెంబరులో సుమారు పదకొండు గంటలును ఉండును. రెండు గంటల ఈ తేడా మనకు లెక్కలోనిది కాకపోయినను తీగెకు పంచాంగము వంటిదే. కావున రాత్రియంతయు వీధిదీపము నేరుగా పడు బాల్కనీలోగాని, తెల్లవాఱులును విద్యుద్దీపము వెలుగు గుమ్మము వద్దగాని తీగె నుంచి, అన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఆలస్యముగా పూచుచున్నదని చింతించువారు ముందుగా ఆ దీపమును అనుమానించుట మంచిది.

చీడపీడలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పేనుబంక లేతకొనలను పట్టును, పొడి వాతావరణమున ఎఱ్ఱనల్లి ఆకు అడుగున చేరును. రెండింటికిని మొదటి మందు నీటిధార; దానికి లొంగనిచో లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనెను చిటికెడు సబ్బుపొడితో కలిపి సాయంకాలము చల్లవలెను. తోకమీద కొమ్ము గల లావుపాటి గొంగళి ఒకటి కనబడినచో అది చిలగడదుంపను తిను పెద్ద రెక్కలపురుగు పిల్ల; రెండు రాత్రులలో తీగెను బోడిచేయగలదు, చేతితో ఏరివేయుటయే ఉపాయము. ఆకులకు చిన్నచిన్న చిల్లులు పొడుచు మఱియొక పురుగు కలదు: తాబేటి డిప్పవలె గుండ్రనై, మేలిమి బంగారు కాంతితో మెఱయుచుండును. దాని కాంతి డిప్పపొరలలోని తడిచే కలుగునది. చచ్చిన కొలదిసేపటికే ఆరిపోయి, గోధుమవన్నె పెంకు మిగులును. బంగారమనుకొని అగ్గిపెట్టెలో దాచిన పిల్లవానికి మఱునాడు కలుగు నిరాశ చెప్పనలవి కాదు. అది చేయు నష్టము అల్పము కావున నేను దానిని చంపుమని సలహా ఇయ్యజాలను.

కాశీరత్నమునకే సోదరి యనదగిన వేఱొక తీగె విత్తనశాలలలో దొరకును. ఆకు ఈక వలె గాక అరచేతివలె పలువ్రేళ్లుగా చీలియుండును, పూవు కొంచెము పెద్దది, ఎఱుపు కొంచెము గాఢము. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున కొలంబస్ నగరవాసి లోగన్ స్లోటర్ 20వ శతాబ్ది తొలినాళ్లలో కాశీరత్నమును, గుండ్రని ఆకులు గల మఱియొక ఎఱ్ఱపూల తీగెతో సంకరము చేసి దీనిని సాధించెను. సంకరసంతతి సాధారణముగా గొడ్డువాఱును. ఇది మాత్రము కాశీరత్నపు క్రోమోజోములు ముప్పదియు, రెండవ తీగెవి ఇరువదియెనిమిదియు సంపూర్ణముగా చేర్చుకొని, ఏబదియెనిమిదింటితో నూతనజాతియై, గింజ కట్టుచున్నది. పెంపకమున రెండింటికిని భేదము లేదు. అందములో నా మొగ్గు పాతదానివైపే. ఆ ఈక వంటి ఆకు లేని కాశీరత్నము నాకు సగము కాశీరత్నముగనే తోచును.

మార్గశిరము వచ్చుసరికి కాయలు గోధుమవన్నెకు తిరుగును. ఒక్కొక్క కాయలో నాలుగు గింజలు. పూర్తిగా ఎండి పగులుటకు ముందే కోసి, నీడన వారము ఆరబెట్టి, కాగితపు పొట్లములో కట్టి, పొట్లముమీద వన్నెయు సంవత్సరమును వ్రాసి, తేమ తగులని డబ్బాలో పెట్టినచో కొన్ని ఏండ్లు మొలకశక్తి నిలుచును. గింజలు తినదగినవి కావు, పసిబిడ్డల చేతికి అందనీయరాదు. ఎఱుపు, తెలుపు ప్రక్కప్రక్కల పెంచినవారికి తరువాతి తరమున రంగు కలియుట సంభవము. తెలుపు తెలుపుగనే కావలెనన్నచో దూరముగా పెంచవలెను. ఒకే తీగె సంతతిని ఏండ్లతరబడి విత్తుకొనుచు పోయినచో బలము తఱుగునా యని అడుగువారు కలరు. దీనికిని డార్విన్ మహాశయుడే కొంత సమాధానము చెప్పెను. ఈ తీగెకు దాయాదియగు ఊదాపూల ఐపోమియాను పది తరములు ఒకవంక స్వపరాగముచేతను, ఒకవంక పరపరాగముచేతను పెంచి పోల్చగా, పరపరాగ సంతతి ఎత్తు 100 అయినచో స్వపరాగ సంతతి ఎత్తు సగటున 77 మాత్రమే అయ్యెనని 1876లో ప్రకటించెను. అయినను ఆరవ తరమున స్వపరాగజమైన ఒక మొక్క తన పోటీదారుని అర అంగుళము మించిపోయెను. ఆయన దానికి ‘హీరో’ అని పేరుపెట్టి, దాని సంతానమును కూడ ప్రత్యేకముగా పరీక్షించెను. కాశీరత్నము స్వపరాగమునకు చిరకాలముగా అలవాటుపడినదే గనుక మనము అంతగా భయపడనక్కరలేదు. అయినను రెండు మూడేండ్ల కొకమారు పొరుగువారితో గింజలు మార్చుకొనుట వలన నష్టమేమియు లేదు.

అమెరికా ఉత్తర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు ఊరినుండి గింజలు తెప్పించుకొని, అచ్చట పూయుట లేదని వ్రాయుచుందురు. అచ్చటి వేసవి పగళ్లు మనకంటె మిక్కిలి దీర్ఘములు. తీగె మొగ్గకు సిద్ధమగు శరత్తున మంచు దాపురించి దానిని చంపును. ఏప్రిలులో ఇంటిలోపల కప్పులలో మొలపించి, మంచు భయము పూర్తిగా తొలగిన మే మాసమున బయట నాటి, ఇంటి దక్షిణపు గోడను ఆశ్రయింపజేసినచో సెప్టెంబరులో కొన్ని వారములైనను పూలు దక్కును. దక్షిణ రాష్ట్రములలోనివారికి ఈ చిక్కు లేదు, వారికి వేఱొక చిక్కు: అచ్చట ఈ తీగె తోట దాటి ప్రత్తి, సోయా చేలలో పడి కలుపుమొక్కగా పేరుమోసినది.

ఆ చిక్కు మనకును కొంత కలదు. కోయక విడిచిన కాయలు పగిలి రాలిన గింజలు వచ్చే మృగశిరకు పిలువకయే మొలచును. కంచెకో, పాడుగోడకో ఆనుకొని వచ్చినవానిని ఉండనిచ్చినను బాధలేదు. వంగ, మిరప మడులలో మొలచినవానిని మాత్రము నాలుగు పాయల బీజదళములు కనబడిన దినముననే, తల్లివేరు లోతునకు దిగకముందే, తడినేలలోనుండి మొదలంట లాగివేయవలెను. పైరు నడుమ వదలిపెట్టినచో ఆషాఢము ముగియులోపల అది మిరపకొమ్మలనే ఆధారముగా చుట్టుకొనును. అప్పుడు తీగె తెంపబోయి మిరపకొమ్మలు విఱుచుకొనుట తప్పదు.